మొక్కలు చచ్చిన కొండ కింద ఊట

1957లో నన్ను పెనుకొండ అటవీ రేంజికి రేంజరుగా బదిలీ చేశారు. రేంజి అంటే కొన్ని రిజర్వు అడవుల సముదాయం; వాటి మంచిచెడ్డలకు రేంజరే బాధ్యుడు. ధర్మవరం వైపు కొండవాలు ఒకటి పేరుకే అడవి. బండలు, ముళ్లపొదలు తప్ప అక్కడ ఏమీ లేవు.

ఆ వాలులో గొర్రెల మేపు ఆపి, కందకాలు తీసి, మొక్కలు నాటాలని ఉత్తర్వు వచ్చింది. కందకాలను వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో తవ్విస్తాం. పరుగెత్తే వాననీరు వాటిలో నిలిచి భూమిలోకి ఇంకుతుంది.

కొండ కింది పల్లెలో ఓబుళమ్మ అనే ఆవిడ గొర్రెలే ఆధారంగా బతికేది. చేను ఉన్నా, బావి ఎండి బీడుపడింది. కాపలా పెట్టిన రోజే నన్ను నిలదీసింది.

"కొండ మూసేస్తే నా గొర్రెల్ని యాడికి తోలుకుపోవల్ల సామీ? అవి మట్టి తినల్లా?"

ఆమె అడిగినదానిలో న్యాయం ఉంది. గొర్రెలు లోపలికి రాకూడదు గాని, గడ్డి కోసుకుపోవచ్చని పైవాళ్లను ఒప్పించాను. ఆమె తిట్టుకుంటూనే కొడవలి పట్టింది.

వరుస ఎండలకు నాటిన మొక్కలు చాలావరకు చచ్చిపోయాయి. కందకాల గట్ల మీద మాత్రం గడ్డి దట్టంగా అల్లుకుంది. జిల్లా అటవీ అధికారి తనిఖీకి వచ్చి, తోట విఫలమైందనీ, వేసవి దాటాక మేపుకు వదిలేద్దామనీ అన్నారు.

ఆ వేసవికి ముందు వానలూ సరిగా పడలేదు. వేసవి నడిమధ్యలో ఓబుళమ్మ రొప్పుకుంటూ ఆఫీసుకు వచ్చింది.

"బాయిలో నీళ్లు ఊరతాండాయి సామీ! నా కండ్లను నేనే నమ్మలేకుండా ఉండా. వచ్చి సూడు."

వెళ్లి బావిలోకి దిగాను. పైన నిప్పులు చెరిగే ఎండ. లోపల ఒళ్లు జలదరించే చల్లదనం. కొండ వైపున్న బండ నెర్రెలోంచి సన్నగా, చప్పుడు లేకుండా నీరు జారుతోంది. చేయి పెట్టాను. వాన పడి నెలలైంది. ఎప్పుడో కొండ మీద ఆగిన చినుకులు రాతి సందుల్లో చీకట్లో నడిచి నడిచి ఇప్పుడు నా అరచేతిలోకి వస్తున్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. "ఏమైంది సామీ?" అని పైనుంచి ఓబుళమ్మ పిలిచేదాకా కదలలేకపోయాను.

మేపు సాగుతున్న అవతలి వాలుకు పోయి అక్కడి బావులూ చూశాను. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. అధికారిని పిలిపించి రెండు వైపులా చూపించాను. ఆయన ఓబుళమ్మ బావి నీళ్లు తాగి, కొండ వంక చూశారు. కాపలా కొనసాగించమన్నారు. తర్వాతి పంట కారుకు ఓబుళమ్మ బీడులో రాగి నారు నాటింది.

అప్పటిదాకా బతికిన మొక్కలనుబట్టి అడవి పనిని అంచనా వేసేవాణ్ణి. నేలను గడ్డి కప్పి, వాన ఆగి ఇంకితే, చెట్టు ఎదగకముందే కొండ నీటిని దాచగలదని ఆ బావిలో తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ రేంజికి వెళ్లినా, ముందు కొండ కింది బావులు చూసి, ఆ తర్వాతే కొండ ఎక్కేవాణ్ణి.