ఎడమచేతి హీరో

మా డాబా మీద ఆరేసిన తెల్ల దుప్పటికి అవతల నుంచి ఎండ పడితే, పాడేరు సంతలో కట్టిన సినిమా తెర గుర్తొస్తుంది.

షావుకార్ల కుటుంబాలు తెర ముందు చాపలు పరుచుకునేవి. కొండల నుంచి దిగిన మమ్మల్ని తెర వెనక్కి పంపేవారు. అటైనా ఇటైనా ఒకే బొమ్మ అనేవారు.

ఒక సినిమాలో హీరో ప్రతి దెబ్బా ఎడమచేత్తోనే కొట్టాడు. నాదీ ఎడమచేతి వాటమే. "ఎడం సేత్తో తింతన్నావేటే గుంటా?" అని అమ్మ రోజూ తిట్టేది. "హీరోకి లేని తప్పు నాకేటే?" అన్నాను. అమ్మ ఆ తిట్టు మానేసింది. కొన్నాళ్లు హాయిగా తిన్నాను.

తర్వాత అదే సినిమా షావుకారమ్మ ఇంట్లో టీవీలో వచ్చింది. గుమ్మం బయట నిలబడి చూశాం. హీరో కుడిచేత్తో కొడుతున్నాడు! టీవీవాళ్లు మార్చేశారని అరిచాను.

షావుకారమ్మ పగలబడి నవ్వింది. "మార్సడానికేటుందే? మీరు తెర ఎనకాల కూకున్నారు. అట్నుంచి అన్నీ తిరగబడే కనిపిస్తాయి."

అమ్మ నా ఎడమచేతి మీద ఒక్కటేసింది. "ఇప్పుడేటంతావు?"

చెయ్యి వెనక్కి దాచుకున్నాను. కానీ ఒకే బొమ్మ అన్నవాళ్లలో ఒక్కరూ ఏనాడూ వెనక్కొచ్చి కూర్చోలేదని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

సినిమాకి తెర వెనక, టీవీకి గుమ్మం బయట. పుస్తకం దగ్గర మాత్రం నన్నెవరూ పక్కకి జరగమనలేదు. అందుకే చదవడం మానలేదు. అయినా మా కొండల గురించి రాసిన పుస్తకం దొరికితే, రాసినాయన ఎక్కడ కూర్చుని చూశాడా అని ముందు అదే వెతుకుతాను.