చింతల మలుపు గంట

వెంకటేశం సైకిల్ షాపులో సైకిళ్లు తప్ప అన్నీ బాగవుతాయని ఊళ్లో ఒక మాట ఉండేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు ఎండలో నిలబడి చెమటలు కక్కుతుంటే, ఈయన ఎవరిదో రేడియో పొట్ట విప్పి అందులో తల దూర్చి కూచునేవాడు. భార్య సంగమ్మ రోజుకోసారైనా నెత్తి కొట్టుకునేది.

"సైకిల్ దుకాణం ఉన్నదని చెప్పి మా నాయన నన్నిచ్చిండు. గిది పిచ్చి దుకాణమని ఎవ్వరు చెప్పలే" అనేది.

డెబ్బయ్యో దశకం మొదలైన రోజులవి. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేలల్లో ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి. బొంబాయి రోడ్డు మీద లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. సంగారెడ్డి వైపు నుంచి వచ్చే ఆ రోడ్డు వెంకటేశం ఊరి దగ్గర చింతచెట్ల మధ్య గిర్రున మెలిక తిరిగి, ఒక కల్వర్టు దాటి, ఆయన షాపు ముందు తేలుతుంది. మలుపులో ఏం జరిగినా ఊరికి కనబడదు, వినబడదు.

వెంకటేశం దోస్తు మొగులయ్య ఎడ్లబండిని ఒక లారీ గుద్దేసి పోయింది అక్కడే. పొద్దున పడ్డ మనిషి మధ్యాహ్నం దాకా బండి కిందే ఉన్నాడు. ఆ పూటంతా వెంకటేశం పాటలు పాడుకుంటూ గొలుసులకు నూనె పెట్టుకుంటున్నాడు. మొగులయ్య బతికాడు గానీ ఒక కాలు వంకరపోయింది.

"నేనాడ ఒర్లుతున్న, నువ్వీడ పాడుతున్నవ్. ఇద్దరిదీ ఒకటే రాగం" అని మొగులయ్య తర్వాత పగలబడి నవ్వాడు. వెంకటేశానికి నవ్వు రాలేదు. ఆ మలుపులో ఇక ఎవరు పడినా తనకు తెలిసి తీరాలి, ఊరు కదిలి రావాలి. ఆ పట్టుదల ఆయనకు అన్నం సయించనివ్వలేదు.

ఫ్యాక్టరీల చెత్తలోంచి తీగలు ఏరుకొచ్చాడు. పాత బ్యాటరీలు పోగేశాడు. మలుపుకు అవతల, సంగారెడ్డి నుంచి వచ్చే బండ్లు నడిచే పక్క మాత్రమే, రోడ్డు మీద టైరు ముక్క కింద ఒక రేకు దాచాడు, ఇవతల షాపు ముందు ఇంకొకటి. సంగారెడ్డి నుంచి వచ్చే బండి అవతలి రేకు తొక్కగానే షాపులో చిన్న నల్లా తెరుచుకుని డబ్బాలోకి నీళ్లు కారుతాయి. అదే బండి మలుపు దాటొచ్చి ఇవతలి రేకు తొక్కితే నల్లా మూసుకుని డబ్బా బోర్లాపడుతుంది. లోపలికి పోయిన బండి బయటికి రాలేదనుకోండి, డబ్బా నిండుతుంది, బరువుకు కిందికి దిగుతుంది, దానికి కట్టిన సుత్తి ఎగిరి వేలాడే రైలుపట్టా ముక్కను ఖంగుమని కొడుతుంది. కాపలా మనిషి అక్కర్లేదు.

"ఆటోమేటిక్!" అని వెంకటేశం చేతులు చాచి చూపించాడు, దేవుణ్ణి ప్రతిష్ఠించినంత గొప్పగా.

మొదటిసారి గంట మోగినప్పుడు ఊరు ఊరంతా పరుగెత్తింది. తీరా చూస్తే బస్సు మలుపులో ఆగి ఉంది. డ్రైవరూ, కండక్టరూ, ప్రయాణికులూ తలా ఒక పొద దగ్గర సీతాఫలాలు కోసుకుంటున్నారు. రెండోసారి ఒక లారీ డ్రైవరు కల్వర్టు కింద తాపీగా స్నానం చేస్తున్నాడు. ఒంటి మీద సబ్బు తప్ప ఏమీ లేనివాడు ఊరంతా తన మీదికి రావడం చూసి నీళ్లలో మునిగి మళ్లీ లేవలేదు. ఆడవాళ్లు వెనక్కి పోయేదాకా వాడి ముక్కొక్కటే బయట. మూడోసారి రాజవ్వ బర్రె అవతలి రేకు తొక్కి, ఇవతలికి రావడం మరిచి మేతకు పోయింది. ఆ తర్వాత గంట మోగితే ఎవరూ తల తిప్పలేదు. వెంకటేశం ఒక్కడే పరుగెత్తేవాడు, వెనక కుంటుతూ మొగులయ్య.

సర్పంచి సోమేశ్వర్ సేటుకు ఊళ్లో ధాన్యం వ్యాపారం. గంట మోగినప్పుడల్లా ఆయన మధ్యాహ్నపు కునుకు చెడుతోంది. పైగా కూతురు పద్మావతి పెళ్లి దగ్గరపడింది. సేటు షాపు ముందు నిలబడి చేయి ఊపుతూ చెప్పాడు.

"ఏందిరా వెంకటేశం, గీ లొల్లి? పెండ్లి నాడు గిట్ల ఉత్తగనే మోగిందంటే తీగెలన్ని పీకి పారేయిస్త. గిదే ఆఖరు."

"గట్లనే సేటూ" అన్నాడు వెంకటేశం. ఆ పూట డబ్బాను తుడిచి, తీగల మీద మట్టి కప్పి, బర్రెను కట్టేసుకొమ్మని రాజవ్వను చేతులు పట్టుకుని బతిమాలాడు.

పెళ్లిరోజు వచ్చింది. జోగిపేట నుంచి పెళ్లికొడుకు వాళ్లు సాయంత్రానికి దిగాలి. పొద్దున పదింటికే గంట ఖంగుమంది.

పోయి చూస్తే ఉత్తదే కావచ్చు, అప్పుడు గంట పోతుంది. పోకపోతే అక్కడ ఎవరైనా పడి ఉండొచ్చు. ఎటూ తోచక వెంకటేశం ఒక్క క్షణం షాపులోనే గుండ్రంగా తిరిగాడు. తర్వాత చెప్పులు విడిచి, "ఉరుకుండ్రి! మలుపుల బండి పడ్డది!" అని గొంతు చించుకుంటూ పెళ్లివారి వాకిలి మీదుగానే పరుగెత్తాడు.

ఊరివాళ్లు కదల్లేదు. కానీ పెళ్లింటి నిండా పైఊళ్ల చుట్టాలు. వాళ్లకు ఈ గంట చరిత్ర తెలియదు. అయ్యో పాపం అంటూ చేతిలో ఉన్నది చేతిలోనే ఉండగా లేచి ఉరికారు. వంటవాళ్లు గరిటెలతో, బాజావాళ్లు సన్నాయి, డోళ్లతో. సేటు బావమరుదులిద్దరు దెబ్బతిన్నవాణ్ణి మోయడానికి నవారు మంచం ఎత్తుకున్నారు. వాళ్ల పరుగు చూసి సేటు భార్య సరస్వతి కూడా కంగారులో నీళ్ల బిందె అనుకుని షర్బత్ బిందె ఎత్తుకుంది.

మలుపులో బస్సు నిలబడి ఉంది. దానికి పూలదండలు. చింతచెట్టు కింద పెళ్లికొడుకు మేనమామ రాజేశం మూతి ముడుచుకుని కూచున్నాడు. ఎండకు భయపడి వాళ్లు చల్లపూటే బయల్దేరి ముందే వచ్చేశారు. కానీ ఆ తట్టు మగపెళ్లివారు తమంతట తాము ఊళ్లోకి అడుగుపెట్టరు. పొలిమేరలో ఆగుతారు. ఆడపెళ్లివారు బాజాలతో, షర్బత్‌తో ఎదురుకోళ్లకు వచ్చి పిలుచుకుపోవాలి. మేం వచ్చామని కబురు పెట్టినా పరువు తక్కువే. అందుకని రాజేశం బస్సును వెనక్కి తిప్పే ఆలోచనలో ఉన్నాడు.

అంతలో దుమ్ము లేపుకుంటూ జనం. డోళ్లు, సన్నాయి, షర్బత్ బిందె, గరిటెలు.

రాజేశం ముఖం విచ్చుకుంది. "శభాష్! కబురు పెట్టకముందే ఎట్ల ఎరుకైందయ్యా మీకు? మంచం గూడ తెచ్చిండ్రా!"

సన్నాయివాడికి ముందు తెలివొచ్చింది, ఊదడం మొదలుపెట్టాడు. రాజేశం నవారు మంచం మీద దర్జాగా కూచున్నాడు. బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆయన్ను ఊళ్లోకి మోసుకొచ్చారు. కోపంతో రొప్పుతూ ఎదురొచ్చిన సోమేశ్వర్ సేటు ఆ ఊరేగింపు చూసి, రొప్పు ఆపి, చేతులు జోడించాడు. తర్వాత వెంకటేశం చెవిలో గొణిగాడు.

"ఉండనీరా. జెర మెల్లగ మోగేటట్టు చెయ్యి."

అట్లా గంట మిగిలింది. కానీ పెళ్లయి చుట్టాలు వెళ్లిపోయాక ఊరు మళ్లీ పాత ఊరే. గంట కొడితే "వెంకటేశం పిచ్చి" అని అటు తిరిగి పడుకునేది. సేటు ఉంచితే ఉంచాడు గానీ, ఎవరూ రాని గంట ఉండి ఏం లాభమని వెంకటేశం లోలోపల కుమిలిపోయేవాడు. నోరు తెరిచి సంగమ్మతో కూడా అన్నాడు. ఆమె పొయ్యి ఊదుతూ ఊ కొట్టింది, అంతే.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. గంట మోగింది. వెంకటేశం గోనెపట్టా కప్పుకుని పరుగెత్తాడు. ఈసారి సీతాఫలాల్లేవు, స్నానం లేదు. లారీ కల్వర్టు పక్క గుంతలో ఒరిగి ఉంది. డ్రైవరు సత్తయ్య కాళ్లు క్యాబిన్ కింద ఇరుక్కుపోయాయి. గుంతలో వాననీళ్లు వాడి గడ్డం దాకా వచ్చి ఇంకా ఎక్కుతున్నాయి. వెంకటేశం దిగి వాడి తల ఎత్తి పట్టుకున్నాడు. ఆ క్యాబిన్ ఒక్కడు ఎత్తేది కాదు, పదిమంది ఎత్తేదీ కాదు. తల వదిలి పిలవడానికి పోలేడు. "ఎవరన్న ఉన్నరా!" అని అరిచాడు. మలుపు మాట మలుపులోనే ఉండిపోయింది.

అప్పుడు వినిపించాయి డోళ్లు.

ఊరంతా వస్తోంది. నెత్తిన తువ్వాళ్లు చుట్టుకుని, బుక్కాగులాలు చల్లుకుంటూ, పిల్లాజెల్లా ఎగురుకుంటూ. మొగులయ్య అందరికన్నా ముందు, వంకరకాలితో గంతులేస్తూ. గుంతలోకి చూసి డోళ్లు టక్కున ఆగాయి. మరుక్షణం ఊరు ఊరంతా నీళ్లలోకి దూకింది. క్యాబిన్ లేచింది. సత్తయ్య బయటికొచ్చాడు. ముఖం నిండా బురద, దాని మీద గులాలు. కళ్లు తెరిచి చుట్టూ చూసి, "ఎవల్ది పెండ్లి?" అని అడిగాడు. ఊరు ఘొల్లుమంది.

వెంకటేశం గట్టు మీద కూలబడి నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. జనం వెనకాల రొప్పుతూ సంగమ్మ వచ్చింది. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

"వీళ్లంత ఎట్లొచ్చిండ్రే?" అన్నాడు.

"బండి పడ్డదంటే ఎవడొస్తడయ్యా?" అంది సంగమ్మ, కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ. "పెండ్లోళ్లొచ్చిండ్రని గల్లీ గల్లీ ఒర్లిన."