మంట లేదన్నవాడు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయినవాళ్ళ మీద రాస్తే వాళ్ళు చదవరు, ఉన్నవాళ్ళకి తీరిక ఉండదు. కాని కిందటి నెల మా బాబాయ్ పోయిన రోజున, కల్లంలో చేరిన నలుగురూ ఆయన గురించి కాసేపు, మిరప రేటు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. అది విన్నాక రాయక తప్పలేదు.

రొంపిచర్ల దగ్గర మా ఊళ్ళో మాకు పక్కిల్లు ఆయనది. వరసకి బాబాయ్, వయసులో నాకంటే చిన్న. నా తల నెరిసినా, పళ్ళూడినా నన్ను ‘అబ్బాయ్’ అనే పిలిచేవాడు. వరస వరసే కదా. కల్లంలో ఎండుకాయలు తిరగదోస్తూ కూలబడ్డాడు. నరసరావుపేటకి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. గుండె అన్నారు. ఇంటికి తెచ్చాక స్నానం చేయించినా ఆయన చేతుల ఎరుపు పోలేదు.

ఆ చేతుల సంగతి చెప్పాలి. మిరపకాయ కోసిన చేతిని సబ్బుతో కడిగినా మజ్జిగతో రుద్దినా కారం ఒక పట్టాన వదలదు. మా ఊరి కొత్త అల్లుడొకాయన సరదాపడి నాలుగు కాయలు కోసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, భోంచేసి, తాపీగా కళ్ళు నులుముకున్నాడు. అత్తారింటి మర్యాదలన్నీ ఆ పూటతో సరి. ఆయన ఇప్పటికీ మా ఊరి పేరు చెబితే కళ్ళు మూసుకుంటాడు. సరే, దారి తప్పాను.

పిన్నికి షుగరు. మడమలో మేకు దిగి పుండు పడి, ఎన్ని మందులు వాడినా మానలేదు. రోజూ కట్టు మార్చేది బాబాయే. అందుకని మిరప రైతు అయ్యుండీ ఆయన మిరపకాయ ముట్టడం మానేశాడు. సొంత చేలో కోతలు జరుగుతుంటే గట్టున నిలబడి కర్రతో చూపించేవాడు. కోతకొచ్చిన ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“ఏంది మామా, కలెక్టరువైపోయావా? కాయ ముట్టుకుంటే అరిగిపోతావా?”

“నా చెయ్యి మండితే నాకేందే! అది మీ అత్త పుండుకి తగిలిద్ది.”

వాళ్ళు నవ్వడం మానలేదు. కాని ఆ రోజు ఇంటి దగ్గర కాయల కుప్పని మాత్రం, కట్టుగుడ్డలు ఆరేసిన దండేనికి దూరంగా అవతల పోశారు.

గుంటూరు ఆసుపత్రిలో ఆయనకి ఒక కబురు తెలిసింది. ఏదో కాలేజీలో కరెంటు కట్టు తయారుచేస్తున్నారట. పల్చటి పట్టీ, లోపల దారాల్లాంటి తీగలు, బొత్తామంత బ్యాటరీ. సన్నగా కరెంటు పంపి పుండుని మాన్పుతుంది, చీము పడుతుంటే ఫోనుకి చెబుతుంది. నేను మోటార్లకి వైండింగు చేసి బతికినవాణ్ణి. “కరెంటు మనిషిని విసిరికొట్టడం చూశాను గాని, మాన్పడం చూడలేదు బాబాయ్” అన్నాను.

“నీది త్రీఫేజు బుర్రరా అబ్బాయ్. ఇది చానా నాజూకు కరెంటు.”

అయితే ఆ పట్టీని ముందు పుండు లేనివాళ్ళకే వేస్తారు. మంచి చర్మానికి హాని లేదని తేలాకే పుండు జోలికి వెళ్ళేది. బాబాయ్‌కి ఏ రోగమూ లేదు. “నా తోలు పాసయితే పట్టీ మీ పిన్నికి వచ్చిద్ది” అంటూ బయల్దేరాడు. అలా అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇందువల్ల మీకుగాని మీ ఇంట్లోవాళ్ళకిగాని ఏ లాభమూ ఉండదని అక్కడి డాక్టరమ్మ ముందే వివరంగా చెప్పింది. ఆయన వినదలుచుకోలేదు.

ముంజేతికి పట్టీ అంటించి పంపారు. మండితే వెంటనే తీసేసి ఫోన్ చెయ్యమన్నారు. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ “మంట ఉందా? దురద ఉందా?” అని అడిగేది, ఈయన “హాయిగా ఉందమ్మా” అనేవాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చేతిని ఊదుకునేవాడు.

“ఏందయ్యా ఆ ఊదుకోటం?” అని లోపల్నించి పిన్ని.

“ఈగలే. నీ పని నువ్వు చూసుకో.”

పట్టీ విప్పేనాడు తోడుగా నేనూ వెళ్ళాను. పట్టీ కింద నలుచదరంగా బొబ్బ లేచి ఉంది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

“ఇంత బొబ్బకి మంటే లేదా అండీ?”

“ఇదొక మంటేందమ్మా! మా కల్లంలో ఒక పూట కూకో, మంటంటే ఏందో తెలిసిద్ది.”

“మండితే మండిందని చెప్పడానికేనండీ మిమ్మల్ని రమ్మంది. మీరు లేదంటే రేపు దీన్ని పుండు మీద వేస్తాం.”

అప్పుడు మారింది బాబాయ్ ముఖం. పుండంటే ఆయనకి తెలిసింది ఒక్కటే.

“అయితే ఫెయిలయింది నా తోలా, మీ పట్టీయా?”

“పట్టీనే. సరిచేసి మళ్ళీ మొదట్నించి చూడాలి.”

“అందాకా మా ఇంటిదాని కాలు ఆగిద్దా?”

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. తల వంచుకుని బొబ్బకి మందు రాసింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఉన్న కోపం ఎవరి మీద చూపాలో ఇప్పటికీ తెలియలేదు.

తిరుగు బస్సులో ఫిరంగిపురం దాటాక అన్నాడు: “మొదటిరోజే మండిందని చెప్పుంటే, ఈపాటికి సరిచేసి ఉండేవాళ్ళేమో గదరా.”

లేదులే అన్నాను. నా చదువు, సామాన్లు చుట్టి తెచ్చిన కాగితాలు చదివి నేర్చుకున్నది. ఆ కాగితాల్లో ఇలాంటివాటికి జవాబులు ఉండవు.

ఆ వానాకాలంలో పిన్ని కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ గాయం చక్కగా మానింది. కోతలు మొదలవగానే బాబాయ్ గట్టు దిగి, అందరితోపాటు సాలులో వంగి ఒట్టి చేతుల్తో కాయలు కోశాడు. చేతులకి గుడ్డయినా చుట్టుకోమన్నాను.

“ఎవరికి మండిద్దని?” అన్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను వాళ్ళింట్లో ఉండగా బాబాయ్ ఫోను మోగింది. పిన్నికి నొక్కడం చేతకాక నా చేతికిస్తే స్పీకరు పెట్టి తిరిగిచ్చాను. డాక్టరమ్మ. పట్టీ వేసుకున్నవాళ్ళ చర్మం ఎలా ఉందో అప్పుడప్పుడూ కనుక్కుంటారట. “చేతికి ఇప్పుడేమైనా మంట ఉందంటున్నారా అండీ?” అని అడిగింది.

“మండినా చెప్పే మనిషి కాదమ్మా” అంది పిన్ని. తర్వాత, పోయాడని చెప్పింది.

“ఆ పట్టీ అయిందా అమ్మా?” అని పిన్నే అడిగింది.

“ఇంకా లేదండీ.”

పిన్ని ఫోను పక్కన పెట్టి, చాట దగ్గరికి లాక్కుని మిరపకాయలకి తొడిమలు తీయడం మొదలుపెట్టింది.