వాగవతలి ఇల్లు

నా జన్మలో నేను మహా తెలివిగా చేశాననుకున్న పని ఒకటుంది. ఆత్మకూరు తాలూకా కచేరీలో కొలువు దొరికినప్పుడు ఉండడానికి ఇల్లు నేనే వెదికాను. ఆ తెలివి ఏపాటిదో నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. మా అవ్వకు ఒక్క చూపు చాలింది.

మాది ఉదయగిరి, కొండ కింద ఊరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. కరువు రెండో ఏడు నాయన పోయాడు. మిగిలింది నాయనను కన్న అవ్వ, నేను. చేలు బీళ్లయ్యాయి, ఎద్దులు పోయాయి, బావి అడుగున బురద కూడా ఎండి బీటలు తీసింది. నాకున్న ఆస్తల్లా గుండ్రంగా అక్షరం దించే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి చూసే కచేరీలో నకళ్లు రాసే గుమాస్తాగా పెట్టుకున్నారు. ఖాయంగా కాదు, ఆరు నెలలు చూసి అప్పుడు ఖాయం చేస్తారట.

గుమాస్తాలందరి మీద పెద్ద శిరస్తాదారు. ఆయన మొదటిరోజే తేల్చి చెప్పేశాడు. "పది గంటలు కొట్టేసరికి నీ చాప మీద నువ్వుండాల. ఈ ఆరు నెలల్లో ఒక్కరోజు లేకపోయినా ఆ చాప ఇంకొకడిది."

అని మెట్ల వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడొక ఉమేదువారు కూర్చుని ఉన్నాడు. ఉమేదువారంటే జీతం బత్తెం లేకుండా రోజూ వచ్చి, పని నేర్చుకుంటూ, ఎవరి చాప ఖాళీ అవుతుందా అని కనిపెట్టుకుని ఉండేవాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలచుకుంటే ఆయన తప్పేముంది, ఆ ఏడు ఎవరి ఆకలి వారిది.

ఇక ఇల్లు. ఉదయగిరి నుంచి రోజూ వచ్చిపోవడమనే మాటే లేదు. బండి కట్టుకుని వస్తేనే దోవలో మజిలీ చేయాలి. కచేరీ పక్క వీధిలో ఒక కొట్టు చూపించారు. అందులో నేను కాళ్లు చాపితే అవ్వ ముడుచుకోవాలి. దానికి అద్దె నా జీతంలో సగం పైమాటే. "గాలి రాదు గదయ్యా" అంటే, "కచేరీ దగ్గర గదా, గాలెందుకు?" అన్నాడు ఇంటాయన. తూర్పున నెల్లూరు బాట మీద ఒక పల్లెలో చవగ్గా మంచి పెంకుటిల్లు దొరికింది గానీ, అక్కణ్ణుంచి పొద్దున ఒకటిన్నర గంట నడక, సాయంత్రం మళ్లీ అంతే.

అప్పుడు దొరికింది వాగవతలి ఇల్లు. ఊరికి పడమట వాగు, వాగు దాటగానే చిన్న పల్లె. రెండు గదులు, వంట వసారా, వెనక దొడ్డి. అద్దె వింటే నాకు నవ్వొచ్చింది, అంత తక్కువ. గడప నుంచి కచేరీ మెట్ల దాకా నడిచి చూశాను. నోట్లో వేసుకున్న తాంబూలం నమలడం కాకముందే చేరాను. ఊళ్లో ఇంతమంది ఉండి ఈ ఇల్లు నాకోసం ఎట్లా మిగిలిందా అని మురిసిపోయానే గానీ, ఎందుకు మిగిలిందని ఒక్క నిమిషం ఆలోచించలేదు.

వాగు అంటున్నాను గానీ అప్పుడక్కడ నీళ్లెక్కడివి? రెండేళ్లుగా చుక్క లేదు. ఇసకలో బండిచాళ్లు పడి రాచబాట అయిపోయింది. నడిమధ్యన ఒకాయన కట్టెలు పేర్చి బేరం పెట్టుకున్నాడు. ఆడవాళ్లు చెలమలు తవ్వుకుని చిప్పతో నీళ్లు తోడుకునేవాళ్లు. వాగంటే నడిచే దోవ అని అందరికీ అలవాటైపోయింది.

అవ్వను తీసుకొచ్చి చూపించాను. ఆమె ఇంటి వైపు చూడనే లేదు. ఇసక మధ్యలో నిలబడి, ఒడ్డు మీది తుమ్మచెట్టుకేసి తలెత్తింది.

"ఒరే అబ్బయా, ఆ కసువు ఎవురు పెట్టినార్రా ఆడ?"

వాగులోకి వంగిన దాని కొమ్మల్లో, నా తల కంటే జానెడు పైన, ఎండిన గడ్డీ పుల్లలూ చిక్కుకుని ఉన్నాయి. గాలికి వచ్చి ఉంటాయిలే అన్నాను. ఆహా, ఎంత గాలి! అవ్వ నా ముఖం కేసి ఒకసారి చూసింది.

"ఇది వాగురా" అంది.

"యాడుండాయి అవ్వా నీళ్లు?"

"మన కొండకాడ ఉండాయి. ఆడ పడితే ఈడికే గదరా వచ్చేది. నీకు కచేరీ అవతల, ఇల్లు ఇవతల. వద్దురా."

నాకు కోపం వచ్చింది. అచ్చం మా నాయన కోపమే. సంపాదించేది నేను, నడిచేది నేను, రెండేళ్లుగా రాని నీళ్ల కోసం గాలి ఆడని కొట్టులో పడి ఉండాలా అని గట్టిగా అరిచాను. కట్టెలాయన బేరం ఆపి మరీ విన్నాడు. అవ్వ కాసేపు పడమటి దిక్కుకు చూసి, "సరే, నీ ఇష్టం. పెద్దోడివైనావు" అని మూట నెత్తిన పెట్టుకుని నాకంటే ముందే ఆ ఇంట్లోకి నడిచింది. గెలిచానని నేను మీసం దువ్వుకున్నాను.

నెల తిరగకముందే అవ్వ ఒక కొత్త పని పెట్టుకుంది. కచేరీ ఒడ్డున గానుగ ఆడించే వితంతువు ఒకామె ఉండేది. అవ్వ రోజు మార్చి రోజు చేట చంకన పెట్టుకుని వాగు దాటి, ఆమె కొట్టంలో నువ్వులు చెరిగి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను కచేరీ నుంచి వస్తూ చూశాను. తల మీద దుమ్ము, ముక్కు మీద దుమ్ము. నాకు తల తీసేసినట్టయింది.

"కచేరీ గుమాస్తా అవ్వ ఊళ్లోవాళ్ల నువ్వులు చెరగడమేంది? నాకు పరువుండొద్దా?" అని ఇంటికొచ్చి ఎగిరాను.

"ఉండాల నాయనా. అందుకే పోతాండా" అంది అవ్వ, కంచంలో అంబలి పోస్తూ.

అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా నాకు లేదు. నూనె చుక్క కోసం పోతోందనుకున్నాను. ఇంట్లో దీపంలో నూనె ఏమీ పెరగలేదని మాత్రం గమనించలేదు.

ఐదో నెల వచ్చింది. ఇంకో రెండు నెలలు గడిస్తే చాప నాది. ఒక ఆదివారం, కచేరీ సెలవు. ఎండ కాస్తోంది. నేను పగటికూడు తిని వసారాలో నడుం వాల్చాను. అవ్వ దొడ్లో నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమరకు చూస్తోంది. అటు ఆకాశం అంచున రోజూ నీలంగా కనిపించే కొండల వరస ఆవేళ లేదు. దాని జాగాలో నల్లగా ఒక గోడ.

"అబ్బయా, నువ్వు ఈ పొద్దే అవతలికి పో" అంది లోపలికొచ్చి.

"ఎందుకు?"

"కొండ కనబళ్లేదు. వాగు వస్తాది."

నేను బయటికొచ్చి చూశాను. నెత్తి మీద మబ్బు తునక లేదు. "నీకు చాదస్తం పట్టుకుందవ్వా" అని మళ్లీ పడుకున్నాను. కునుకు పట్టింది కూడా. లేచేసరికి అవ్వ గడపలో కూర్చుని కాళ్ల ఇసక దులుపుకుంటోంది.

"నీ కోటు, తలగుడ్డ, కలాలుండే కలందాను అన్నీ గానుగామె కొట్టంలో పెట్టొచ్చినాను. రేపు కచేరీకి ఏం కట్టుకుని పోతావో పో" అంది.

అన్నంత పనీ చేసింది! నేను కేకలేశాను, దండెం మీద వెదికాను, పెట్టె తీశాను, ఒక్కటీ లేదు. తిట్టుకుంటూ బయలుదేరాను. నువ్వూ రా అంటే, "నాకీడ పనుండాది" అంది. ఇంకా పొద్దు కుంగలేదు. కాలికింద ఇసక వెచ్చగా, ఎప్పటిలాగే పొడిగా ఉంది. మూట తీసుకుని వెంటనే తిరిగొచ్చి, ఈ ముసలమ్మ సంగతి తేల్చాలనుకున్నాను.

కొట్టంలో ఒక మూల అలికి ముగ్గు పెట్టి ఉంది. చాప, ముంత, దుప్పటి, చిలక్కొయ్యకు నా కోటు.

"రా నాయనా, ఈ జాగా నీదే" అంది గానుగామె. "మీ అవ్వ నాలుగు నెలలుగా నువ్వులు చెరిగింది దీనికోసమే. కూలి ఇస్తానంటే వద్దనింది. వాగు వచ్చినప్పుడు నా మనవడు పడుకునేదానికి ఇంత జాగా ఇయ్యి, వాడికి నాలుగు మెతుకులు పెట్టు, అంతే చాలనింది."

నేను ఆ చాప మీద కూర్చుండిపోయాను. తిరిగి పోయి తేల్చాల్సిన సంగతేదీ మిగల్లేదు.

తెల్లవారుజామున హోరు వినిపించి లేచాను. బయట నేల పొడిగానే ఉంది. ఒడ్డుకు పరుగెత్తితే నిన్న నేను నడిచిన దోవ లేదు. ఎర్రటి నీళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నిండుగా పోతున్నాయి. కట్టెలాయన పేర్పులు ఏమయ్యాయో. తుమ్మచెట్టు కొమ్మల్లో పాత కసువు మీద కొత్త కసువు చేరుతోంది. ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి కొత్త నీళ్లకు హారతి ఇస్తున్నారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ జనంలో ఏడుపు ముఖం పెట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. అవ్వ అవతల ఒక్కతే చిక్కుకుపోయిందే అని ఆ నీళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పుడు కనిపించింది. అవతలి ఒడ్డున, చీలమండల దాకా నీళ్లలో నిలబడి, రెండు చేతులతో నీళ్లెత్తి నెత్తిన పోసుకుంటోంది. "అవ్వా!" అని అరిచాను. హోరులో వినపడలేదు. కాసేపటికి తనే నన్ను చూసింది. చెయ్యి చాచి కచేరీ వైపు చూపించింది. పోరా, అని.

పోయాను. నా చాప మీద ఉమేదువారు కూర్చుని ఉన్నాడు, ముందు కాగితం కూడా పరుచుకుని. నన్ను చూసేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి, కండువాతో చాప దులిపి, మెట్ల మీదికి పోయాడు. పది కొట్టారు.

శిరస్తాదారు కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "నీ ఇల్లు వాగవతల గదా?"

"అవునండి. మా అవ్వ నిన్ననే ఇవతలికి తోలిందండి" అని జరిగిందంతా చెప్పాను, నా కేకలతో సహా.

ఆయన నవ్వాడు. "నీ అక్షరం చూసి పెట్టుకున్నాం. ఇంకమీదట మీ అవ్వను చూసి ఉంచుకుంటాంలే" అన్నాడు.

నాలుగోరోజుకు నీళ్లు మోకాటికి దిగాయి. కచేరీ వదలగానే పంచె ఎగగట్టి దాటాను. అవ్వ వసారాలో వాగుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఏం చెప్పానురా నీకు అంటుందని తల వంచుకునే పోయాను. అనలేదు. "తిన్నావా?" అంది.

"తప్పు నాదే అవ్వా. ఖాయం కాగానే ఊళ్లో ఇల్లు చూస్తా. ఈ వాగు ఒడ్డున వద్దు" అన్నాను.

"ఎందుకురా?"

"నువ్వే గదా ఈ ఇల్లు వద్దన్నది!"

"నీకు వద్దన్నా. నాకు గాదు." ఆమె నీళ్ల మీద నుంచి చూపు తిప్పలేదు. "నీ నాయన ఆఖర్న నన్ను రెండు మూడు తూర్లు అడిగినాడురా, అమ్మా, వాగు వచ్చిందా అని. వస్తాదిలే నాయనా, పడుకో అన్నా. వచ్చినప్పుడు చూసి వాడికి చెప్పాల గదా. అందుకని, నువ్వు అరిస్తే సరేనన్నా."

మేము ఆ ఇల్లు వదల్లేదు. నాకు పని ఖాయమైంది, జీతం పెరిగింది, ఊళ్లో మేలైన ఇళ్లు ఎన్నో చూపించారు. ఏటా కొండ కనబడని రోజున అవ్వ నా మూట నా చేతికిచ్చేది, నేను మారుమాట లేకుండా గానుగ కొట్టానికి పోయేవాణ్ణి. ఆమె వసారాలో కూర్చునేది. ఆ మొదటి పొద్దున ఆ నీళ్లను నేను ఏమని తిట్టానో మాత్రం అవ్వకు చివరిదాకా చెప్పలేదు.