గుట్ట మీద నేర్చిన సైకిల్

మా ఇంటి వెనక గుట్ట ఉండేదని చెప్తే నారాయణఖేడ్ వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. "గదేం గుట్ట, మొరం దిబ్బ" అంటారు. అననివ్వండి. వాళ్లెవరూ దాని మీంచి సైకిల్ మీద దిగలేదు. దిగినవాళ్లం ఇద్దరమే, నేనూ మా మేనత్తా. కాబట్టి అది గుట్టా, దిబ్బా అన్నది మేం చెప్పాల్సిన మాట.

పైన నిలబడి కేకేస్తే కింద మేసే మా బర్రె తలెత్తి చూసేది. గుట్ట అంతే. కానీ ఆ కాస్త జాగాలోనే ఎన్ని దారులో! కట్టెలకు పోయే ఆడవాళ్లు నడిచి నడిచి వేసింది కట్టెల తొవ్వ. అది మర్యాద తెలిసిన తొవ్వ, మెలికలు తిరుగుతూ నిదానంగా ఎక్కేది. మేకల తొవ్వకు ఆ మర్యాద లేదు. మేకకు ఎటు బుద్ధి పుడితే అటు పోయి, చివరికి పరికి ముళ్లపొదలో దూరి మాయమయ్యేది. వాననీళ్లు కోసుకుపోయిన సందు ఒకటుండేది, దానికి మేమే జారుడు తొవ్వ అని పేరు పెట్టాం. కింద చుట్టూరా ఎడ్లబండ్ల బాట. ఆ బాట తప్ప మిగతావన్నీ పైనున్న ఒక చదును బండ దగ్గర కలిసేవి. ఒక దారిన దిగి, ఇంకో దారిన ఎక్కి, మూడోదాంట్లో పడుతూ పొద్దంతా తిరగొచ్చు. మేం తిరిగాం కూడా.

ఇదంతా ఎనభైల్లో మాట. నేను ఆరో తరగతి పాసైన ఎండాకాలం. అత్త మా నాన్నకు చిన్న చెల్లెలు. పదో తరగతి పాసై, ఇంట్లో గిన్నెలు తోముతూ కూర్చుంది. అలాంటిది, గుట్టకు అవతల నాగల్‌గిద్ద వైపున్న ఒక పల్లెలో బాలవాడి టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆ రోజు అత్త సంతోషం పట్టలేక మా బర్రెను ముద్దు పెట్టుకుంది. నేను చూశాను.

తాత మాత్రం చుట్ట వెలిగించుకుని, "ఆ ఊరికి బస్సు లేదు. రోడ్డు పొంటి చుట్టు తిరిగి నడిచిపోతె, పొద్దుగూకినంకనే ఇల్లు చేరుతవ్. ఏమొద్దు, ఇంట్ల కూసో" అన్నాడు.

"సైకిల్ మీద పోత నాయినా. గుట్ట తొవ్వల పోతె దగ్గర" అంది అత్త.

తాతకు నవ్వుతో దగ్గొచ్చి చుట్ట ఆరిపోయింది. "నీకు సైకిలేడొస్తది?"

"వస్తె?"

"వస్తె పో. బడి తెరిచేలోపు బజార్ల, చాయ్ హోటల్ కాడ, నా ముందట తొక్కి సూపియ్యి. కింద పడ్డవా, ఇగ ఆ నౌకరి మాట ఎత్తద్దు."

తాత మాటంటే మాటే. అత్తకు ఆ ఉద్యోగం పోతే, ఇంకో పిలుపు వస్తుందన్న ఆశ లేదు. ఆ రాత్రి అన్నం తినలేదు, పొద్దున లేచి నన్ను దొడ్లోకి లాక్కుపోయి, "నేర్పుతవా, నేర్పవా?" అంది. అడిగినట్టు లేదు, మెడ పిసికేట్టు ఉంది.

బజారులో నేర్చుకునే ప్రశ్నే లేదు. ఒక ఆడపిల్ల సైకిల్ మీంచి పడుతుందంటే ఖేడ్ జనం అంగడి మానుకుని వచ్చి చూస్తారు. అందుకే గుట్ట. నాన్నకు బస్సు డిపోలో రాత్రి డ్యూటీ, పగలంతా పడుకునేవాడు. ఆయన నల్ల సైకిల్ గోడకానుకుని ఖాళీగా ఉండేది. మిట్టమధ్యాహ్నం, కాకులు కూడా నీడ వెతుక్కునే వేళ, దాన్ని నడిపించుకుని పోయేవాళ్లం.

నేను గురువునైతే అయ్యాను గానీ, నాకు వచ్చింది కైంచీ తొక్కుడు ఒకటే. అంటే సీటందని పిల్లలు అడ్డకడ్డీ కిందనుంచి కాలు దూర్చి, పక్కకు వేలాడుతూ తొక్కడం. అత్తకు అది నామోషీ. చీరను గోచి పోసి బిగించి, నేరుగా సీటెక్కుతానంది. ఎక్కితే కాళ్లు నేలకు అందలేదు. అయినా గుట్ట మీద బండలకు కొదవా? చదును బండ పక్కన సైకిల్ ఆనించి, బండ మీంచి సీటు మీదికి జరిగేది. నేను వెనక నుంచి ఒక్క తోపు తోసేదాన్ని. మిగతాది గుట్ట చూసుకునేది.

పడింది. మామూలుగా పడలేదు. కట్టెల తొవ్వలో పడింది, మేకల తొవ్వలో మేక మీద పడింది. పడ్డప్పుడల్లా బోరంచ నల్లపోచమ్మకు మొక్కేది. మొదట నిమ్మకాయలతో మొదలైంది, తర్వాత కొబ్బరికాయ, ఆ తర్వాత కోడి. జారుడు తొవ్వలో మోచేతులు గీరుకుపోయిన రోజు ఏకంగా మేకపోతుకు పోయింది. "అత్తా, ఇంకొక్కసారి పడితె మన బర్రె కూడ పోతది" అన్నాను. ముళ్లు తీసుకుంటూనే నా నెత్తిన ఒకటి మొట్టింది.

కానీ నేర్చుకుంది. ఎట్లా నేర్చుకుందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఎక్కడ రాయి కదులుతుందో, ఏ మలుపులో మొరం జారుతుందో ఆమె కాళ్లకు తెలిసిపోయింది. జారుడు తొవ్వలో సీటు మీంచి లేచి నిలబడి, కొంగు గాల్లో ఎగురుతుంటే, దడదడమని దిగి, ఎదురుగా ఉన్న మట్టికట్ట మీదికి ఎక్కి ఆగేది. ఎక్కుడు వస్తే సైకిల్ తనంతట తనే నెమ్మదిస్తుంది, కాలు కట్టకు అందుతుంది. ఎంచక్కా దిగడమే. ఆమెను చూస్తుంటే నాకు గర్వంగానూ ఉండేది, కుళ్లుగానూ ఉండేది. నేను గురువును కదా, ఇంకా కైంచీలోనే వేలాడుతున్నాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. పెద్దవాళ్లు ఎదురైతే సైకిల్ దిగాలి, దిగి కాస్త దూరం నడిపించుకుపోయి మళ్లీ ఎక్కాలి. మీసాలు తిరిగిన మా నాన్నే తాతను చూస్తే దిగేవాడు. దిగకుండా పోయిన పిల్లగాళ్లను తాత వదిలేవాడు కాదు, వాళ్ల తాతముత్తాతలందరినీ పలకరించి గానీ ఊరుకునేవాడు కాదు. ఇది అత్తకూ తెలుసు, నాకూ తెలుసు. గుట్ట మీద మేకలు తప్ప పెద్దలెవరూ ఎదురు కాలేదు గనక, ఆ సంగతి మాకు తట్టలేదు.

బడి తెరవడానికి ముందు రోజు పొద్దున్నే తాత చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఆయన జోడీ, కిరాణం షావుకారు. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకోకుండా చాయ్ తాగలేరు. "బిడ్డతోని సర్కస్ పెట్టిస్తున్నవటగా" అని షావుకారు అప్పటికే అంటించాడు.

అత్త మా ఇంటి అరుగు మీంచి సైకిలెక్కింది. నేను తోశాను. బయల్దేరింది చూడండి, నడుం నిటారుగా, చూపు ముందుకు, గంట కొడుతూ. రాళ్లలో తొక్కినదానికి తారు రోడ్డు ఒక లెక్కా? నేను వెనక పరుగెత్తాను. జనం పక్కకు తప్పుకున్నారు. తాత ముఖంలోకి నవ్వు రాబోయి ఆగడం నేను చూశాను. బాగా చూద్దామని ఆయన లేచొచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

నిలబడ్డాడంటే దిగాలి. దిగాలంటే ఆగాలి. రోడ్డేమో అరచేయిలా చదును. అత్త ముఖం పాలిపోయింది. గుట్ట మీద ఎక్కడం బండ నేర్పింది, ఆగడం కట్ట నేర్పింది. చదునులో దిగడం ఎవరూ నేర్పలేదు. కైంచీదాన్ని, కాలు కింద పెడితే దిగినట్టే కదా, దిగడం కూడా నేర్పాలని నాకేం తెలుసు?

అత్త తాత చుట్టూ తిరిగింది.

"దిగు" అన్నాడు తాత.

"దిగుడు రాదు నాయినా!" అంటూ ఇంకో చుట్టు తిరిగింది.

"రాదంటె ఏందే?"

"ఎక్కుడే వస్తది!"

తాత ఆమెతో పాటే తిరుగుతున్నాడు. ఆయనకు కళ్లు తిరిగాయి, తల రుమాలు ఊడి రోడ్డు మీద పడింది. అత్త దాని మీంచే తొక్కుతూ పోయింది. షావుకారు చాయ్ పొలమారి బల్ల మీద వాలిపోయాడు. "అత్తా, గుట్ట దిక్కు తిప్పు!" అని నేను అరిచాను. అంతకన్నా దగ్గర్లో ఎక్కుడు లేదు మరి. జనం గొల్లున నవ్వారు. సైకిల్ నెమ్మదించి ఊగడం మొదలైంది. అత్త కళ్లలో నీళ్లు. పడిందంటే అయిపోయినట్టే.

తాత ధోవతి ఎగ్గట్టాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. వెనక నుంచి ఉరికి క్యారేజీ పట్టుకున్నాడు. సైకిల్ ఆగింది. అత్త ఆయన భుజం మీద చెయ్యేసి, మెల్లగా కిందికి దిగింది.

"చూసినవా, ఆడపిల్లకు గీ సైకిలేందయ్యా?" అన్నాడు షావుకారు, కళ్లు తుడుచుకుంటూ.

తాత రుమాలు తీసి దులిపాడు. టైరు మచ్చ పోలేదు. "కింద పడ్డదా?" అనడిగాడు.

"పడలేగని..."

"పడలే గద. నేనన్నది గంతే." అత్త వైపు తిరిగాడు. "రేపటి సంది పో. మరి ఆడికి పోయినంక ఎట్ల దిగుతవ్?"

"బడి ముందట కట్ట ఉన్నది నాయినా."

"ఇంటికొచ్చినంక?"

అత్త ముక్కు ఎగపీల్చి, "నువ్వుండవా?" అంది.

ఇంటికి నడుస్తుంటే తాత రుమాలు చుట్టుకోవడం కూడా మర్చిపోయాడు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం కాగానే వాకిట్లో నిలబడేవాడు. గుట్ట దిక్కు నుంచి గంట వినిపిస్తే ధోవతి సర్దుకునేవాడు, క్యారేజీ పట్టుకుని దింపేవాడు. పొద్దున బజారు మీదుగా ఎడ్లబండ్ల బాటకు పోయేటప్పుడు మాత్రం అత్త ఎవరెదురైనా దిగేది కాదు, గంట కొట్టుకుంటూ పోయేది.

కందులు మొలకెత్తే నాటికి అత్త దిగడం కూడా నేర్చేసుకుంది. కర్ణాటక అంచునున్న ఆ పల్లెలో, పిల్లలు తెలుగులో కన్నడం కలిపి ఎగతాళి చేస్తూ నవ్వుతుంటే, బడి ముందు పడీ లేచీ నేర్చుకుందట. ఒక సాయంత్రం తాత పొలం నుంచి ఆలస్యంగా వస్తూ సందు మొదట ఆగిపోయాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. వాకిట్లో అత్త కాలు వెనక్కి విసిరి, ఠపీమని దిగి, స్టాండు వేసి లోపలికి పోయింది. తాత చూశాడు. నావైపు చూసి, పెదవి మీద వేలు పెట్టుకున్నాడు. మర్నాడు మామూలుగానే వాకిట్లో నిలబడి క్యారేజీ పట్టుకున్నాడు. అత్త కూడా మామూలుగానే ఆయన భుజం మీద చెయ్యేసి దిగింది.

ఆ వారంలోనే షావుకారు మా వాకిట్లోకి వచ్చాడు, ముఖం మాడ్చుకుని. "నీ బిడ్డ పొద్దుగాల నన్ను చూసి కూడ సైకిల్ దిగలే. గిదేం పద్ధతి?"

తాత చుట్ట తీసి, చాలా బాధగా తలూపాడు.

"దానికి దిగుడు రాదు. నువ్వే జరుగు" అన్నాడు.