నాలుగు రకాల్లో చేరనిది

మా అక్క పుస్తకంలో రాసుంటే నమ్మే రకం కాదు, చేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఆయాగా దుప్పట్లు మార్చి, మంచానపడ్డవాళ్లను పక్కకు తిప్పి, నలభైకి దగ్గరపడే వయసులో నర్సు చదువుకు కూర్చుంది. శరీరశాస్త్రం పరీక్ష ఒక్కటే గట్టెక్కలేదు. ఈసారీ తప్పితే సీటు పోతుంది. మళ్లీ దుప్పట్లే.

ఒంట్లో కణజాలాలు నాలుగు రకాలట: ఉపకళ, సంయోజక, కండర, నాడీ. ఆ నాలుగూ మా బావ ఒంటి మీదే నేర్చుకుంది. బస్సు నడిపి అలసి వచ్చిన మనిషిని కుర్చీలో కూలేసి, చెవి వంచి "మృదులాస్థి" అనేది. పొట్ట పట్టుకుని "కొవ్వు కణజాలం, కావలసినంత" అనేది. బావ కదలకుండా కూర్చునేవాడు. "పెళ్లయిన కొత్తలో కూడా మీ అక్క నన్నింత శ్రద్ధగా చూడలేదు" అనేవాడు నాతో.

ఒక సాయంత్రం సంయోజక కణజాలం పాఠం. మెడ పక్కన తడుముతున్న అక్క వేళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కొవ్వయితే వేలికింద జారాలి. కండరమైతే తల తిప్పినప్పుడు బిగుసుకోవాలి. గోళీ అంత ఉన్న ఆ గడ్డ జారలేదు, బిగుసుకోలేదు. నొప్పేమీ లేదన్నాడు బావ. ఆ మాటకే అక్క ముఖం పాలిపోయింది. నొప్పి లేని గడ్డతో క్యాన్సర్ వార్డుకు వచ్చినవాళ్ల దుప్పట్లు ఎన్ని మార్చిందో ఆమెకే తెలుసు.

"రేపే డాక్టరుకు చూపిద్దామండీ."

"ముందు నీ పరీక్ష కానీ. నేనెక్కడికి పోతాను?"

"తగలెయ్యండి నా పరీక్ష!"

"నువ్వు పరీక్ష రాశాకే నేను ఆసుపత్రి గడప తొక్కేది. అంతే."

మొండిఘటం. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించింది.

ఆ తర్వాత అక్క ఆయన్ని ముట్టుకోవడమే మానేసింది. పుస్తకం ముందు పెదవులు కదిలేవి, పేజీ ఒక పట్టాన తిరిగేది కాదు. బావే చెయ్యి చాపేవాడు, "ఏంటి, ఇవాళ పాఠం లేదా?" అని. మొహమాటానికి మోచెయ్యి నొక్కేది, పిక్క నొక్కేది, మెడ జోలికి పోయేది కాదు. బావ ఇంట్లో కూడా చొక్కా పైబొత్తం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చలిగా ఉందన్నాడు. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

పరీక్ష రోజు పొద్దున, హాల్ టికెట్ సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లిన అక్క గబగబా వెనక్కి వచ్చింది. ఏమీ అడక్కుండా ఆయన పైబొత్తం విప్పి వేళ్లు పెట్టింది. గడ్డ పెరిగింది. దాని కింద ఇంకొకటి.

"ఇది ఎప్పుడొచ్చింది?"

బావ తల దించుకున్నాడు. "నువ్వు నాడీ కణజాలం మొదలుపెట్టినప్పుడు."

అక్క ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డెక్కింది. పరీక్ష హాలు కుడివైపు, ఆసుపత్రి ఎడమవైపు. బావ కుడివైపు లాగుతూనే ఉన్నాడు, అక్క ఎడమవైపు నడిపిస్తూనే ఉంది. వెనకాల నేను. దారిపొడుగునా ఆయన ఆమెకు పాఠం అప్పజెబుతూ వచ్చాడు, ఇంకా టైముంది వెనక్కి పోదామంటూ. నాలుగు రకాలూ తప్పులేకుండా చెప్పాడు. అక్క ఆయన చెయ్యి వదల్లేదు.