చెవిన పెట్టుకున్న ఫోను

జగ్గయ్యపేటలో మా వీధి మొదట్లో ఒక పెద్దాయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నందిగామ బడికి బయల్దేరే నన్ను రోజూ ఆపేవారు.

"టిఫినైందా మేష్టారూ? ఇడ్లీనా? చట్నీ ఏంటి?"

చట్నీ దగ్గరికొచ్చేసరికి నా బస్సు వెళ్ళిపోయేది. అందుకని ఆ ఇల్లు రాగానే ఫోను చెవిన పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెయ్యి ఊపి దాటిపోయేవాణ్ణి. ఒకసారి అలా మాట్లాడుతుండగానే ఫోను మోగింది.

"ఫోన్లో ఉండగానే ఫోనొచ్చిందేంటి మేష్టారూ!" అని పడీపడీ నవ్వారు. అయినా నేను మానలేదు.

నిరుడు ఒక పొద్దున ఆయన ఏమీ అడగలేదు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. పక్కన గ్లాసులో కాఫీ మీగడ కట్టింది. పెదవి మీద వాలిన ఈగ లేవలేదు. అన్నీ చూశాను. ఫోను తియ్యకుండానే చెయ్యి ఊపాను. బస్సు దొరికింది.

సాయంత్రం వచ్చేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని ఆయన భార్యతో, "పొద్దున కూడా టిఫినైందా అని పలకరించారండీ" అన్నాను.

ఆవిడ ఏడుపు ఆపి నన్ను చూశారు.

"బజారుకెళ్ళొస్తానని నేను చెబితే పలకలేదు మేష్టారూ. ముందురోజు పప్పులో ఉప్పు దగ్గర మాటామాటా అనుకున్నాం. మీతో మాట్లాడారు. నామీద అలిగే పోయారు."

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడాదిపాటు వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఆ మాటే చెప్పుకున్నారు. ఆ కుర్చీలో ఆవిడ కూర్చునేవారు. నేను మళ్ళీ ఫోను చెవిన పెట్టుకునే దాటేవాణ్ణి. కాకపోతే, అవతల ఎవరూ లేని ఆ ఫోనులో ఎవరో నా జవాబు కోసం ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉండేది.

పోయిన వారం ఆగాను. ఫోను జేబులో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈగతో సహా.

ఆవిడ రోడ్డు వైపు తిరిగారు.

"అయితే అలగలేదన్నమాట. అప్పటికే..." అని ఆగారు. "నేనూ మొహం చూడకుండానే వెళ్ళా మేష్టారూ."

బస్సు హారను వినిపించింది. కదలబోయాను.

"టిఫినైందా మేష్టారూ?" అన్నారు, అచ్చం ఆయన సాగదీసినట్టే. "ఇడ్లీనా? చట్నీ ఏంటి?"

ఇడ్లీనే అని, పల్లీ చట్నీ అని చెప్పాను. బస్సు వెళ్ళిపోయింది.